ప్రపంచ ఆరోగ్య నిధులు – పొందూరి స్త్రీలు

(రేడియో ప్రసంగము)



జెనీవా నగరమున కూర్చొని కోట్లకొలది డాలర్లు లెక్కవేయు ఒక సంస్థకును, శ్రీకాకుళము జిల్లా పొందూరిలో ఇంటి అరుగుపై రాట్నము ముందర కూర్చున్న యొక ఇల్లాలికిని ఏమి సంబంధమని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. సంబంధము లేకపోలేదు. ఎయిడ్స్, క్షయ, మలేరియా అను మూడు వ్యాధులను ఎదుర్కొనుటకై 2002 జనవరిలో స్థాపితమైన గ్లోబల్ ఫండ్ అను అంతర్జాతీయ నిధి మన దేశపు క్షయ నివారణ కార్యక్రమమునకు ఇరువది ఏండ్లకు పైబడి తోడ్పడుచున్నది. రెండు వారములు దగ్గు విడువని మన వడుకరి కళ్లెను పరీక్షించు యంత్రమునకో, ఆ యంత్రమును నడపువారి శిక్షణకో, ఆమె పేరెక్కించు పట్టికకో అట్టి సొమ్ము ఏదో యొక త్రోవను వచ్చి చేరుచుండును. ఆ సొమ్ములో స్త్రీ పురుష సమానత ఎట్లుండవలెను, ఎంతవరకు ఉన్నది, ఎచ్చట లేదు అను విషయమును ఈ పూట మీతో ముచ్చటింపదలచితిని. నా అభిప్రాయమును ముందుగనే చెప్పివేసెదను. ఏ నిధిలోనైనను సమానత యున్నదో లేదో తెలిసికొనుటకు దాని ప్రణాళికా పీఠికను చదువ నక్కరలేదు, ఖర్చుల పద్దు చూచిన చాలును. ఆమె పోగొట్టుకొను పూటకు సొమ్ము ఎవరు కట్టుచున్నారు, ఆమె దేహమునకు సంబంధించిన మాటను ఎవరి నడిగినారు, అను రెంటికిని అందు జవాబున్నచో సమానత యున్నట్లు, లేనిచో లేనట్లు.

పొందూరు ఖద్దరు సంగతి తెలియని తెలుగువారు అరుదు. గాంధీ మహాత్ముని మెప్పు పొందిన ఆ సన్ననూలు వెనుక ఎంత పని కలదో మాత్రము తెలిసినవారు తక్కువ. కొండపత్తిని తెచ్చి, వాలుగ చేప దవడ యెముకకుండు సన్నని పండ్లతో పాయపాయగా దువ్వి, గింజ విడదీసి, ఏకి, ఏకులు చుట్టి, అవి నలగకుండ అరటిదొప్పలో దాచుకొని, 24 ఆకుల రాట్నము త్రిప్పుచు పోగు తీయు ఈ పని యంతయు దాదాపు స్త్రీల చేతులమీదనే నడచును. మగ్గము దగ్గర ఎక్కువగా మగవారు కూర్చుందురు. వడుకు కూలి చిలపల (నూలు చుట్టల) లెక్కన ముట్టును. కదురు తిరిగినంతసేపే కూలి. ఆగినచో ఆ పూట కూలి పోయినట్లే. ఇట్టి యామెకు దగ్గు వచ్చినదనుకొందము. పత్తినూగు ముక్కులోనికి పోయి దగ్గు వచ్చుచున్నదని తలచి ఆమె కొన్నాళ్లు ఊరకుండును. ఇంటివారును అట్లే యనుకొందురు. దగ్గు విడువక, సాయంకాలపు జ్వరము మొదలైన పిమ్మట ఆసుపత్రికి పోవలెనన్న ఆలోచన కలుగును.

ప్రభుత్వాసుపత్రిలో చీటీకి సొమ్ము లేదు, పరీక్షకు సొమ్ము లేదు, మందుకు సొమ్ము లేదు. ఐనను ఆమెకు ఖర్చగుచునే యున్నది. ఉదయము వంట ముగించి, నీళ్లు పట్టి, పిల్లను బడికి పంపి బయలుదేరునప్పటికి చీటీల వరుస పెరిగియుండును; డాక్టరును చూచి కళ్లె యిచ్చునప్పటికి మధ్యాహ్నమగును; ఫలితమునకు మరల రమ్మందురు. రెండు పూటల నూలు పోయినది. జిల్లా కేంద్రమునకు పోవలసివచ్చినచో తోడు వచ్చువారి కూలియు అందు చేరును. బస్సు ఛార్జీ మాట యెత్తుట లేదేమి యందురేమో. 2025 ఆగస్టు 15వ తేదీ మొదలుకొని స్త్రీ శక్తి పథకము వలన మన రాష్ట్రమున స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఆ బాధ తొలగినది. ప్రపంచ నిధుల కరదీపికలలో ఏండ్ల తరబడి చర్చనీయాంశముగా నున్న ప్రయాణపు ఖర్చును, ఆరోగ్యశాఖతో నిమిత్తము లేకయే, రవాణాశాఖ తీర్చివేసినది! బస్సు పోని ఊళ్లకు ఆటోయే గతి యనుట వేరు సంగతి. కాని పోయిన పూట పోయినట్లే యున్నది. "నానెల్తే ఏకులెవులు తీత్తారు, పిల్లకి కూడెవులెడతారు" అను ప్రశ్న మా ప్రాంతపు ఇల్లాండ్ర నోట వినని ఆరోగ్య కార్యకర్త యుండదు. ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రములో జవాబు దొరకదు. నిధి పంచువారి పద్దులలో దొరకవలెను.

ఇంతమాత్రమున సమానత యనగా స్త్రీలకు మాత్రమే సంబంధించిన పక్షపాత విచారమని భావింపరాదు. క్షయవ్యాధి ప్రపంచమంతటను స్త్రీలకంటె పురుషులకే ఎక్కువగా సోకుచున్నది. మన శ్రీకాకుళము జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారము వేయిమంది పురుషులకు 1,015 మంది స్త్రీలున్నారు. ఈ యంకెను చూచి ఆడుబిడ్డల నాదరించు జిల్లా యని మనము కొంత గర్వింపవచ్చును గాని, దాని వెనుక వలస పోయిన మగవారి ఖాళీ స్థానములును కలవని మరువరాదు. గుజరాతు రేవులలో పడవలపై పనిచేయు మన మత్స్యకారులు, చెన్నపట్టణములోను హైదరాబాదులోను ఇండ్లు కట్టు కూలీలు, దగ్గు వచ్చినను మేస్త్రి కూలి కోయునను భయముతోను, మగవాడు మంచమెక్కుట నామోషీ యను పట్టుదలతోను నెలల తరబడి ఆసుపత్రి మొగము చూడరు. వారు తిరిగి వచ్చునప్పటికి వ్యాధి ముదిరియుండును. వారికి సేవచేయు భార్యకును, ఒడిలో నాడు పిల్లలకును సోకు ప్రమాద మేర్పడును. మగవానికి మగతనమే అడ్డు వచ్చుచున్నది, ఆడుదానికి ఇల్లు అడ్డు వచ్చుచున్నది. ఇద్దరికిని ఒకే మందు పనిచేయును. కాని ఆ మందు వారిని చేరవలసిన దారులు వేరు. భారత ప్రభుత్వము 2019 డిసెంబరులో క్షయ నివారణలో స్త్రీ పురుష భేదములను గుర్తించి నడచుకొనుటకై ఒక జాతీయ మార్గదర్శక ప్రణాళికను వెలువరించినది. మంచి పత్రము. అందులో చెప్పినవాటిలో మండలస్థాయికి దిగి వచ్చినవి ఎన్ని యని విచారించుటయే మన పని.

ఒక చిన్న ఉదాహరణము చెప్పెదను. క్షయరోగికి పుష్టికరమైన ఆహారమునకై 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలును, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలును నిక్షయ్ పోషణ యోజన పేర బ్యాంకు ఖాతాలో జమ యగుచున్నవి. తన పేర ఖాతా లేనివారు బంధువుల ఖాతా నైనను ఈయవచ్చునన్న సౌలభ్యము కలదు. రోగి పురుషుడైనచో ఆ సొమ్ము అతని చేతికి వచ్చును, ఇల్లాలు దానితో గ్రుడ్లు, పాలు తెచ్చి పెట్టును. రోగి స్త్రీయై, ఖాతా భర్తదైనచో, ఆ వేయి రూపాయలు ఏ పద్దున ఖర్చగునో ఢిల్లీలోని కంప్యూటరుకు తెలియదు. జమ యైనదని మాత్రము తెలియును. ఒకవేళ ఆమె చేతికే వచ్చినను, తెచ్చిన గ్రుడ్డు ముందుగా ఎవరి కంచములో పడునో మనకందరకును తెలిసినదే. ఆ నియమమును వ్రాసినవారికి దురుద్దేశము లేదు, సహాయమే చేయదలచినారు. సమానతను గూర్చిన చిక్కు ఇట్టి సదుద్దేశముల నడుమనే దాగియుండును.

గ్లోబల్ ఫండ్ వారు ఈ చిక్కును గుర్తింపలేదనుట న్యాయము కాదు. 2008లో వారు స్త్రీ పురుష సమానతా విధానమును ఆమోదించిరి. 2023 మొదలుకొని తాము ఇచ్చు ప్రతి గ్రాంటునకును సమానత విషయమున అంకెవేయు పద్ధతిని ప్రవేశపెట్టిరి. సంపన్నదేశములు తమ విరాళములను కొలుచుకొనుటకు ఏర్పరచుకొన్న పద్ధతినే వీరును అనుసరించినారు. సమానతయే ముఖ్యోద్దేశమైనచో 2, అనేకోద్దేశములలో అదియు ఒకటైనచో 1, ఆ ఊసే లేనిచో 0. బడిపిల్లవాని మార్కులవలె కనబడునుగాని దీని ప్రభావము తక్కువది కాదు. మన దేశమున ఆరోగ్య కార్యక్రమములకు అగు ఖర్చులో అధికభాగము మన ఖజానానుండియే వచ్చుచున్నది. విదేశపు సొమ్ము అందులో కొలదిపాటిది. ఐనను ఆ సొమ్ము వెంట వచ్చు పట్టికలు, నివేదికల నమూనాలు, లెక్కించు పద్ధతులు మన కార్యాలయములలో పాతుకొనిపోవును. ఏది లెక్కింపబడునో దానిని గూర్చియే అధికారి విచారించును. జిల్లా మొత్తమున ఇంతమందికి మందులిచ్చితిమి అను సగటు లెక్క పైకి నున్నగానే కనబడును. దానిని వాలుగ దవడతో దువ్వినట్లు స్త్రీలు, పురుషులు, వయస్సు, కులము, వలస అను సన్నని పండ్లగుండ లాగినప్పుడే అందులోని నలకలు బయటపడును. 0, 1, 2 అను అంకెలు మాత్రము ఆ పని చేయలేవు. ప్రణాళిక వ్రాయుటలో ఆరితేరినవాడు ఎచ్చటనో "మహిళల భాగస్వామ్యము" అను రెండు మాటలు చేర్చి 1 సంపాదించుకొనుట కష్టమైన పని కాదు.

లెక్కలు దారి తప్పినచో ఏమగునో చూపుటకు మన రాష్ట్ర చరిత్రకంటె వేరు నిదర్శన మక్కరలేదు. కుటుంబ నియంత్రణ మాట చెప్పుచున్నాను. 1960వ దశకము నుండి జనాభా పెరుగుదల యను భయము అమెరికా ప్రభుత్వమును, ఫోర్డ్ ఫౌండేషన్ వంటి సంస్థలను, తరువాత ప్రపంచ బ్యాంకును ఆవహించినది. ఆ భయముతోపాటు సొమ్మును వచ్చినది, సొమ్ముతోపాటు లక్ష్యముల అంకెలును వచ్చినవి. మొదట ఆ అంకెలు మగవారి మీదనే పడెను. 1971 జూలైలో ఎర్నాకుళములో జరిగిన ఒక్క శిబిరములో సుమారు 63,000 మంది పురుషులు వేసెక్టమీ చేయించుకొనిరని చెప్పినచో నేటి యువకులు నమ్మకపోవచ్చును. అత్యవసర పరిస్థితి కాలమున, 1976–77లో, దేశమున 82 లక్షల మందికి ఆపరేషన్లు జరుగగా వారిలో 62 లక్షలమంది పురుషులు. ఎట్టి బలవంతముతో అది జరిగినదో మీకు తెలియును. ఆ దినములలోనే ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు రాబర్ట్ మెక్‌నమారా ఢిల్లీకి వచ్చి మన పట్టుదలను అభినందించి పోయెననునదియు జ్ఞాపకముంచుకొనదగినది. 1977 ఎన్నికలలో ప్రజలు తీర్పు చెప్పిరి. మగవాని ఓటు మగవాని దేహమును కాపాడినది. ఆ తరువాత ఏ ప్రభుత్వమును అటువైపు కన్నెత్తి చూడలేదు. లక్ష్యములు మాత్రము పోలేదు, అవి మెల్లగా స్త్రీలమీదికి మరలినవి.

ఫలితమును 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చూడవచ్చును. ఆంధ్రప్రదేశములో 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల వివాహితలలో నూటికి 69.6 మంది పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చేయించుకొన్నవారు. భర్తలు చేయించుకొన్న దంపతులు నూటికి 0.4. ఆపరేషన్ చేసెడి వైద్యులెవరిని అడిగినను మగవానికి చేయు ఆపరేషన్ సులభము, చిన్నది, త్వరగా మానునది అనియే చెప్పుదురు. ఐనను మన యిండ్లలో అత్తగారు, ఆడబిడ్డ, తుదకు ఆ స్త్రీయే "మగాడు బరువెత్తుకోవాల, ఆడికెందుకు" అని అడ్డుపడును. పొలములో నాట్లు వేయునది, నెత్తిన బిందె మోయునది ఎవరో ఆ క్షణమున ఎవరికిని జ్ఞాపకము రాదు. చాలమందికి పాతికేండ్లు నిండకమునుపే ఈ ఆపరేషన్ జరిగిపోవును. అటుపిమ్మట ఆరోగ్య వ్యవస్థకు ఆమెతో పని తీరినట్లే. నడుము నొప్పి, తెల్లబట్ట, రక్తస్రావము అని ఆమె పోయినచో, "గర్భసంచి తీసివేసిన సరి" యను ప్రైవేటు సలహా కాచుకొని యుండును. ఇట్లు గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు మన రాష్ట్రమున నూటికి దాదాపు 9 మంది. దేశపు సగటు 3. పుట్టించుటకును, పుట్టకుండ చేయుటకును, తుదకు తీసివేయుటకును మాత్రమే గర్భసంచిని చూచు వైద్యమునకు, ఆ గర్భసంచి చుట్టును ఒక మనిషి కలదను సంగతి ఎప్పుడు స్ఫురించునో!

ఈ దృష్టి మారవలెనని 1994 సెప్టెంబరులో కైరో నగరమున జరిగిన జనాభా మహాసభలో 179 దేశములు అంగీకరించినవి. జనాభా అంకెలకంటె స్త్రీ ఆరోగ్యము, ఆమె హక్కు, ఆమె నిర్ణయము ముఖ్యమని ఆ సభ నొక్కి చెప్పినది. దాని వెన్నంటి 1996 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వము కుటుంబ నియంత్రణ లక్ష్యములను దేశమంతట రద్దుచేసినది. అంతర్జాతీయ చర్చ యొకటి మన ఊరి ఆరోగ్య కార్యకర్తయగు ఏ.ఎన్.ఎం. నోటుపుస్తకములోని గడులను మార్చిన అరుదైన సందర్భమది. విచిత్రమేమన, మరుసటి సంవత్సరమే, 1997లో, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన స్వంత జనాభా విధానమును ప్రకటించి మరల అంకెలు వేసికొనెను. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికలలో నిలువరాదన్న నిబంధన 2024 నవంబరులో తొలగినది. ఇప్పుడు జనాభా తగ్గుచున్నది, ఎక్కువమందిని కనుడు అను ప్రబోధములు వినబడుచున్నవి. నిన్న చాలునన్నవారే నేడు చాలదనుచున్నారు. రెండు సార్లును పురమాయింపు ఆమెకే.

ఆమె నిర్ణయమనగా ఆమె అనుమతి; ఆ మాట వచ్చినది గనుక ఖమ్మము జిల్లాలో జరిగిన యొక సంఘటనమును విడువరాదు. 2009 జూలైలో, ఉమ్మడి రాష్ట్రమున, భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 మొదలు 14 ఏండ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు హెచ్.పి.వి. టీకా వేయ మొదలిడిరి. సొమ్ము గేట్స్ ఫౌండేషన్‌ది. నడపినది పాత్ అను అమెరికా సంస్థ. తోడు నిలిచినది భారత వైద్య పరిశోధన మండలి. ఆ క్యాన్సరు మన స్త్రీలను విశేషముగా బలిగొను వ్యాధి, టీకా మంచిదే, బాలికలకొరకే ఖర్చుపెట్టిన సొమ్ము. సమానతకు మార్కులు వేసినచో పూర్తిగా 2 పడదగిన కార్యక్రమము. కొందరు బాలికలు మరణించుటతో ఆందోళన చెలరేగి, 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము దానిని ఆపించినది. ఆ మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలినది వేరొకటి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము సమర్పించిన 72వ నివేదికలో చెప్పిన ప్రకారము, పరిశీలించిన 9,543 అనుమతి పత్రములలో 2,763 పత్రములపై సంతకము చేసినవారు హాస్టలు వార్డెన్లు. 1,948 పత్రములపై వేలిముద్రలున్నవి. గిరిజన బాలిక తల్లి పోడుభూమిలో పని చేసికొనుచుండగా, ఆమె బిడ్డ దేహమునకు సంబంధించిన అంగీకారమును వార్డెను దస్తూరితో ముగించిరి. ఆశ్రమ పాఠశాల యున్నదే తల్లిదండ్రులు దూరమున నుండుటవలన. సులభముగా దొరకు బాలికలు వారే గనుక వారినే ఎన్నుకొనిరా యను ప్రశ్న నేటికిని నన్ను బాధించును. మంచి మందును తప్పుదారిన ఇచ్చుట వలన ఆ మందుకే చెడ్డపేరు వచ్చి, దేశములో ఆ టీకా రాక ఏండ్ల తరబడి వెనుకబడినది. తల్లితో ఆమె భాషలో కూర్చొని మాటలాడుటకు కావలసిన నాలుగు దినములకు పద్దు లేకపోవుటచే జరిగిన నష్టమది.

ఆ పద్దు వ్రాయుట చేతకాని పని యేమియు కాదు. 2003లో ప్రారంభమైన ఆవాహన్ కార్యక్రమము గేట్స్ ఫౌండేషన్ సొమ్ముతోనే ఎయిడ్స్ నివారణకై ఆరు రాష్ట్రములలో నడచినది. మన కోస్తా జిల్లాలలో హిందుస్థాన్ లాటెక్స్ కుటుంబ నియంత్రణ ప్రోత్సాహక ట్రస్టు దానిని నిర్వహించినది. అందు సెక్స్ వృత్తిలోని స్త్రీలే తోటివారికి సలహాదారులుగా శిక్షణ పొందిరి. కూర్చొని విశ్రమించుటకు వారికి చోటు ఏర్పడినది. క్లినిక్కు తెరచు వేళలను వారి నడిగి నిర్ణయించిరి. రాత్రి పనిచేయువారికి ఉదయము తొమ్మిదింటికి రమ్మనుట వ్యర్థమని ఆ నిర్వాహకులకు అర్థమైనది. సంఘము ఎవరిని చూచి ముఖము త్రిప్పుకొనునో వారికి ఈ మర్యాద దక్కినది, సంతోషము. మరి వడుకరికి, జీడిపప్పు ఫ్యాక్టరీలో కూర్చొని పప్పు వలుచు పలాస స్త్రీకి ఆ మర్యాద ఏల దక్కరాదు? అప్పటి ఎయిడ్స్ పట్టికలలో స్త్రీకి గర్భిణి యను గడియో, వృత్తిలోనున్నది యను గడియో తప్ప మూడవ గడి కనబడుట అరుదు. వలసపోయి వచ్చిన భర్తనుండి వ్యాధి తగిలించుకొన్న సామాన్య గృహిణి ఆ రెంటి నడుమ జారిపోయి, గర్భవతి యైనప్పుడో, భర్త మరణించినప్పుడో మాత్రమే పట్టిక కెక్కెను.

పరాయి సొమ్ముపై మాత్రమే నిలిచిన సమానత ఎంత పలుచనిదో 2025 జనవరిలో హైదరాబాదు చూచినది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకై 2021లో నారాయణగూడలో తెరచిన మిత్ర్ క్లినిక్, దేశములో అట్టివానిలో మొదటిది, అమెరికా సహాయము స్తంభించుటతో మూతపడెను. వాషింగ్టనులో ఒక సంతకము, నారాయణగూడలో ఒక తాళము. పిమ్మట టాటా ట్రస్టుల సాయముతో అది సబ్‌రంగ్ అను పేరున మరల తెరచుకొన్నది గనుక కొంత ఊరట. 2025 నవంబరులో గ్లోబల్ ఫండ్ 1,800 కోట్ల డాలర్లు కోరగా దాతలు వాగ్దానము చేసినది 1,134 కోట్లు. సొమ్ము తరిగినప్పుడు మందుల పద్దు కోయరు; కోయకూడదు కూడ. తల్లులతో మాటలాడు దినములు, తోడు వచ్చువారి ఖర్చు, సాయంకాలపు క్లినిక్కు, వీనికే ముందుగా కత్తెర పడును.

ఇన్ని కార్యక్రమముల భారమును గడప గడపకు మోయు ఆశా కార్యకర్తను తలపకున్నచో ఈ ప్రసంగము అసంపూర్ణమగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన నివేదిక ప్రకారము ఆరోగ్య రంగమున పనిచేయువారిలో నూటికి 70 మంది స్త్రీలు. పై పదవులలో మాత్రము 25 మంది. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో పుట్టిన ఆశాకు ఉద్యోగి యను పేరు లేదు, స్వచ్ఛంద సేవకురాలను పేరు కలదు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశాలను పురస్కారముతో గౌరవించినది. మన రాష్ట్రమున 2019 నుండి వారికి నెలకు 10,000 రూపాయల గౌరవవేతనము ముట్టుచున్నది. ఊరిలోని గర్భిణులందరిని కాన్పునకు వెంటబెట్టుకొని పోవు ఆమెకు తన కాన్పునకు ప్రసూతి సెలవు ఇచ్చెదమని ప్రభుత్వము ప్రకటించినది 2025 మార్చిలో! ఇంతకాలము ఆ సెలవు లేదని ఎన్ని అంతర్జాతీయ బృందములు తమ తనిఖీ నివేదికలలో వ్రాసినవో నాకు చూడవలెనని యున్నది. స్త్రీల చౌక శ్రమపై నిలిచిన కార్యక్రమమునకు సమానత విషయమున 2 కాదు, 1 యైనను వేయుటకు నా మనస్సంగీకరింపదు.

ఇక మనము చేయదగినదేమి? ఈ నిధులను గూర్చిన నిర్ణయములు జెనీవాలోను, ఢిల్లీలోను జరుగును. అచ్చటి సమితులలో రోగుల ప్రతినిధులకు స్థానముండవలెనన్న నియమము కలదు, కాని పొందూరినుండి అంతదూరము పోయి మాటలాడువారు దొరకుట కష్టము. జిల్లాస్థాయిలో మాత్రము మన మాట చెల్లును. పొదుపు సంఘముల సమావేశములలో అప్పుల వాయిదాల లెక్క ముగిసిన తరువాత పావుగంటసేపు ఆసుపత్రి లెక్కయు అడుగుడని నా సోదరీమణులకు విన్నపము. క్షయరోగుల పట్టికలో స్త్రీలెందరు, పురుషులెందరు, వారి పోషణపు సొమ్ము ఎవరి ఖాతాలో పడుచున్నదని విచారింపుడు. స్వంత ఖాతా లేని రోగికి ఖాతా తెరపించుట సంఘమునకు ఒక్క దినపు పని. భర్తలకును ఒక మాట. రెండవ కాన్పు తరువాత ఆపరేషన్ ఎవరికి అను ప్రశ్న వచ్చినప్పుడు, నూటికి అరమంది యైనను లేని ఆ వరుసలో నిలుచుటకు సిగ్గుపడవలసిన దేమియు లేదు. జిల్లా ఆరోగ్యాధికారులకు నేను చేయు మనవి యొక్కటే: వడుకు స్త్రీలు, జీడిపప్పు కార్మికులు, కూలీలు ఉన్న ఊళ్లలో వారమునకు ఒక సాయంకాలము, దీపాలు పెట్టిన తరువాత రెండు గంటలసేపు, ఆసుపత్రిని తెరచియుంచి కళ్లె పరీక్షలు తీసికొనుడు. దీనికి జెనీవా అనుమతి అక్కరలేదు, ఢిల్లీ ఉత్తరువు అక్కరలేదు. జిల్లా కేంద్రములోనే నిర్ణయింపవచ్చును.